కాగితాల్లేని థరోబ్రెడ్ రేసుగుర్రాన్ని లోకల్‌గా కొనొచ్చా?

చంద్రగిరి_రైడర్:
మా దగ్గర ఒకాయన పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుతుంటాడు. ఆయన దగ్గరున్న ఆడగుర్రం "ప్యూర్ థరోబ్రెడ్, బెంగళూరులో రేసులు పరిగెత్తింది, వయసు ఆరేళ్ళు" అంటున్నాడు. లక్షా ఎనభై వేలు చెప్పాడు. కాగితాలు అడిగితే "పాత ఓనర్ దగ్గరున్నాయి, తర్వాత ఇప్పిస్తా" అన్నాడు. నాకు పొద్దున్నే స్వర్ణముఖి పక్కన ఒక రౌండ్ వేస్తే చాలు. కొనెయ్యనా?

మదనపల్లె_మామ:
వద్దు. ఎత్తుగా, నాజూగ్గా ఉన్న ప్రతి గుర్రమూ థరోబ్రెడ్ కాదు. 1700 అటూఇటూగా ఇంగ్లండ్‌కు తెచ్చిన మూడు మగగుర్రాలు ఉన్నాయి: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. తండ్రి వైపు వంశం వాటిలో ఒకదానికి చేరాలి. మన దేశంలో ఆ లెక్క రాసేది పుణెలోని స్టడ్‌బుక్ (గుర్రాల వంశావళి పుస్తకం) వాళ్ళు. రేసులాడిన గుర్రానికి మెడలో మైక్రోచిప్, దానితోపాటు పాస్‌పోర్ట్ అనే గుర్తింపు పుస్తకం ఉంటాయి. "తర్వాత ఇప్పిస్తా" అన్నాడంటే ఇక రానట్టే.

పాకాల_సవారీ:
మామా, ఎక్కి తిరిగేది గుర్రం మీదా, కాగితాల మీదా? నేను నాలుగేళ్ళ కింద ఏ కాగితమూ లేకుండానే కొన్నాను. డప్పులు, టపాకాయలు, లారీ హారన్, దేనికీ బెదరదు. మా ఫ్రెండ్ రేసుల నుంచి నేరుగా తెచ్చుకున్నాడు. పాస్‌పోర్ట్ నీటుగా ఉంది. గుర్రం మాత్రం మొదటి రోజే బస్సును చూసి కంపచెట్లలోకి దూకింది, వాడితో సహా.

వెటర్నరీ_స్టూడెంట్:
జాతి సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష. ఊరేగింపు గుర్రాలు పది ఊళ్ళు తిరిగి ఒకే తొట్టిలో నీళ్ళు తాగుతాయి. గ్లాండర్స్ అనే జబ్బు ఉంటే మనుషులకూ అంటుకుంటుంది. గుర్రానికి వైద్యం చెయ్యరు, చంపెయ్యాల్సిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు.

చిత్తూరు_చిన్నా:
నేను మోసపోయినవాణ్ణి. సాయంత్రం చూసి కొన్నాను, మూడో రోజుకు కుంటడం మొదలుపెట్టింది. నొప్పి ఇంజెక్షన్ వేసి చూపించి ఉంటారని డాక్టర్ అన్నాడు. ముందుకాలు మోకాలి కింద, వెనకవైపు తాడులాంటి స్నాయువు (టెండన్) ఉబ్బి కాలిపోతోంది. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. బ్రదర్, చెప్పకుండా పొద్దున్నే వెళ్ళు. జీను వెయ్యకముందే నాలుగు కాళ్ళూ నిమిరి చూడు. తర్వాత గట్టి నేల మీద మెల్లగా పరిగెత్తించమను. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకి ఎగరేస్తుంది.

మదనపల్లె_మామ:
ఇంతకీ దాని చెవులెలా ఉన్నాయి?

చంద్రగిరి_రైడర్:
ముద్దుగా ఉన్నాయి మామా. నిక్కబొడిస్తే రెండు కొనలూ దాదాపు తాకుతాయి.

మదనపల్లె_మామ:
ఇంకేం థరోబ్రెడ్! చెవుల కొనలు అలా లోపలికి తిరిగేది మార్వారీ, కాఠియావాడీ జాతులకు. అది వాటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. మంచి గుర్రమే కావచ్చు, బెంగళూరు రేసులు మాత్రం కట్టుకథ.

పాకాల_సవారీ:
అయితే రేటు తగ్గించమని అడుగు, అంతే కదా! ఉలవలు, గడ్డి, లాడాల ఖర్చు ఏ జాతికైనా తప్పదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదు. నచ్చితే తీసుకో.

మదనపల్లె_మామ:
జాతి విషయంలో అబద్ధమాడినవాడు వయసు, కాళ్ళ విషయంలో నిజం చెప్తాడా?

చంద్రగిరి_రైడర్:
రేపు ఆరింటికి వెళ్తున్నా. మన స్టూడెంట్ చిప్ స్కానర్ తెస్తానని మెసేజ్ పెట్టాడు. ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను, ముందు చెప్పలేదు. తిట్టకండి.