పాత కెనోపీ, కొత్త కెనోపీ: ఒకే సైజయితే ఎగరడంలో అంత తేడా ఎందుకు?

నీలిగొడుగు:
స్కైడైవింగ్‌కి నేను వాడేది 1990ల నాటి తొమ్మిది సెల్స్ (గాలి నిండే గదులు) కెనోపీ, అంటే పారాచూట్ గొడుగు. జీరో పొరాసిటీ (గాలి చొరబడని) గుడ్డ, దీర్ఘచతురస్రం, 170 చదరపు అడుగులు. మొన్న స్నేహితుడి కొత్త సెమీ ఎలిప్టికల్‌తో (చివర్ల వైపు సన్నబడే ఆకారం) నాలుగు జంప్‌లు చేశాను. అదీ 170నే. గేరుతో కలిపి నేను 85 కిలోలు, అంటే 187 పౌండ్లు. కాబట్టి రెండింటి మీదా వింగ్ లోడింగ్ (చదరపు అడుగుకి మోసే పౌండ్లు) 1.1. అయినా ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే లేదు.

నాది తెరుచుకుంటే మెడ పట్టేస్తుంది. కొత్తది నెత్తి మీద మూటలా కాసేపు రెపరెపలాడి, తర్వాత నిదానంగా విచ్చుకుంటుంది. మొదటిసారి అయితే తెరుచుకోదేమోనని టెన్షన్ పడి రిజర్వ్ (అత్యవసర పారాచూట్) హ్యాండిల్ వైపు చూశాను. టర్న్‌కి నాది టాగుల్ (తిప్పడానికి, బ్రేకుకి లాగే పిడి) నడుము దాకా లాగితే తాపీగా తిరుగుతుంది, వదలగానే సర్దుకుంటుంది. కొత్తది ఛాతీ దాకా లాగేసరికే ముక్కు దించేస్తుంది, వదిలాక కూడా ఇంకాస్త దిగుతూనే ఉంటుంది. ల్యాండింగ్‌లో నాతో ఎప్పుడూ నాలుగడుగులు పరుగే. కొత్తది నేల మీదుగా జారి నిలబెట్టేసింది.

నాదాన్ని పక్కన పెట్టేయమంటారా?

వాలుగాలి:
పెట్టేయండి. ముప్పై ఏళ్లలో డిజైన్ ఎక్కడికో వెళ్లిపోయింది. ముక్కు దగ్గర గాలి దూరే నోళ్ల ఆకారం, స్లైడర్ (తాళ్ల మీద జారుతూ తెరుచుకోవడాన్ని నిదానం చేసే గుడ్డ), ట్రిమ్ (తాళ్ల పొడవుల అమరిక), అన్నీ మారాయి. పాతవాటిని సెంటిమెంటు కొద్దీ మోయడమే. ఇంకా ఎఫ్-111 అనే, కాస్త గాలి వదిలే పాత రకం గుడ్డ వాడేవాళ్లనైతే చూస్తే జాలేస్తుంది.

ఏడుసెల్స్:
వాలుగాలి గారూ, మీ వీపు మీదున్న రిజర్వ్ ఏ గుడ్డతో కుట్టారో ఒకసారి చూసుకోండి. చాలా రిజర్వ్‌లు ఇప్పటికీ ఆ తరహా తక్కువ పొరాసిటీ నైలానే. జారిపోదు, చిన్నగా ప్యాక్ అవుతుంది. జాలి అప్పుడు పడదాం.

అక్యురసీ ల్యాండింగ్ (సరిగ్గా గుర్తు మీదే దిగడం) చేసేవాళ్లు పెద్ద ఏడు సెల్స్ కెనోపీని బ్రేకుల్లో పెట్టి నిటారుగా దించుకుంటారు. మీ కొత్తది అక్కడ గీత దాటి అవతల పడుతుంది. దేనికోసం కుట్టారన్నది చూడాలి గానీ ఏ సంవత్సరంలో కుట్టారని కాదు. స్టిలెటో అనే కెనోపీ 1990లదే, ఎలిప్టికలే. దాన్ని నిదానం అని ఎవరైనా అంటారా?

సూదీదారం:
ఇద్దరూ ఆగండి. నీలిగొడుగు గారూ, మీ లైన్లు (కెనోపీని మనకి కలిపే తాళ్లు) ఏ రకం? ఎన్ని జంప్‌లయ్యాయి?

నీలిగొడుగు:
స్పెక్ట్రా. నేను కొన్నాకే 700 దాటాయి. అంతకుముందు లెక్క తెలియదు.

సూదీదారం:
అనుకున్నాను. తెరుచుకున్న ప్రతిసారీ స్లైడర్ రింగులు లైన్ల మీద రాసుకుంటూ దిగుతాయి. ఆ వేడికి స్పెక్ట్రా కుంచించుకుపోతుంది. అన్నీ ఒకేలా కుంచించుకుపోతే అంత బాధ ఉండేది కాదు. రింగులు ఎక్కువగా రుద్దుకునేది బయటి లైన్లనీ, బ్రేక్ లైన్లనీ. బ్రేక్ లైన్లు పొట్టిబడితే టాగుల్స్ పూర్తిగా వదిలేసినా తోక కిందకు లాగి ఉంటుంది. అంటే మీరు ఎప్పుడూ కాస్త బ్రేకు తొక్కుకునే ఎగురుతున్నారు. ఫ్లేర్‌కి (దిగేముందు టాగుల్స్ లాగి నిదానించడానికి) కావలసింది వేగం, అది ముందే పోయింది. ఇక పరుగు తప్పుతుందా? ట్రిమ్ చెదిరితే ఓపెనింగ్ కూడా కొడుతుంది.

చిన్న పరీక్ష చెబుతాను. ఎత్తులో ఉండగానే రెండు టాగుల్స్ పూర్తిగా వదిలి బ్రేక్ లైన్ల వైపు చూడండి. గాలికి వెనక్కి విల్లులా వంగి ఉండాలి. తీగలా బిగిసి ఉంటే పొట్టివే. ఎఫ్-111 అయితే నేను గుడ్డకు నోరు పెట్టి గాలి పీల్చి చూస్తాను. సులువుగా వచ్చేస్తుంటే ఆ గుడ్డ పనైపోయింది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

వాలుగాలి:
లైన్లు మార్చినంత మాత్రాన దీర్ఘచతురస్రం ఎలిప్టికల్ అయిపోతుందా అండీ?

సూదీదారం:
అవ్వదు. అందుకే ముందు లైన్లు సరిచేసి, ఆ తర్వాత మిగిలిన తేడాని డిజైన్ ఖాతాలో వేయమంటున్నాను. అరిగిపోయిన టైర్లతో బండి నడిపి ఇంజిన్‌ని తిడితే ఎలా?

నీలిగొడుగు:
మూడు వారాల తర్వాత వచ్చాను. రిగ్గర్ (పారాచూట్లు సరిచేసే నిపుణుడు) దగ్గర కొలిపించాను. బ్రేక్ లైన్లు ఒకవైపు నాలుగు అంగుళాలు, రెండోవైపు నాలుగున్నర పొట్టిబడ్డాయి. ఇన్నాళ్లూ వదిలేస్తే మెల్లగా ఒకవైపుకే పోయేది, నేను హార్నెస్ సరిగ్గా బిగించుకోలేదేమో అనుకునేవాణ్ని. అన్ని లైన్లూ మార్పించి ఆరు జంప్‌లు చేశాను.

ఓపెనింగ్ చాలా మెత్తబడింది, కానీ కొత్తదానంత కాదు. ల్యాండింగ్‌లో ఆరింట్లో నాలుగుసార్లు నిలబడ్డాను. టర్న్ మాత్రం మారలేదు, అదే తాపీ, ముక్కు దించదు. గాలికి ఎదురుగా వెనక్కి రావడంలో కూడా కొత్తదే మేలు.

వాలుగాలి:
టర్న్, గ్లైడ్ డిజైన్‌వే అని ఒప్పుకున్నట్టేగా?

ఏడుసెల్స్:
ముక్కు దించకపోవడం లోపమని ఎవరన్నారు? భయపడి కింద ఎత్తులో టాగుల్ లాగేవాడికి అదే ప్రాణం నిలబెడుతుంది. నా మొదటి వంద జంప్‌లలో నేను రెండుసార్లు లాగాను.

సూదీదారం:
నీలిగొడుగు గారూ, బ్రేక్ లైన్లు పొడవయ్యాయి కాబట్టి పాత లెక్కతో ఫ్లేర్ చేయకండి. టాగుల్స్ ఇప్పుడు ఇంకా కిందికి రావాలి. స్టాల్ (ఎక్కువ లాగితే కెనోపీ ఎగరడం మానేసే స్థితి) ఎక్కడొస్తుందో చూసుకున్నారా?

నీలిగొడుగు:
లేదండీ. ఆ రెండుసార్లు కింద పడింది బహుశా అందుకే, చేతులు సగంలోనే ఆపేశాను. వచ్చే జంప్‌లో 4,000 అడుగుల పైనే చూసుకుని చెబుతాను.