గడులు గీయించే కౌన్సెలరా, ఓపిగ్గా వినే కౌన్సెలరా?

నలుగురిలో మాట్లాడాలంటే నాకు గుండె దడ. ఇద్దరు కౌన్సెలర్లను కలిశాను. మొదటావిడది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే మన ఆలోచనల్నీ అలవాట్లనీ గమనించి మార్చుకునే పద్ధతి; 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టారు. కాగితం మీద మూడు గడులు గీయించారు: ఏం జరిగింది, అప్పుడేమనుకున్నాను, ఎలా అనిపించింది. వారంవారం హోంవర్కు, బళ్లో పిల్లాడిలా!

రెండో ఆయనది అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ దారి, ఓపిగ్గా విని అర్థం చేసుకోవడమే ముఖ్యమనేది. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. నేను చెప్పిందే మెల్లగా తిరిగి చెప్పారు, "అంటే అందరూ మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటుందన్నమాట" అని. ఎందుకో ఏడుపొచ్చేసింది. బయటికొచ్చాక తేలికపడ్డాను గానీ, మర్నాడు మీటింగ్‌లో దడ మామూలే.

ఇలాంటి దడకి మీలో ఎవరికి ఏది పనిచేసింది? ఎన్ని సెషన్లకి తేడా తెలిసింది? గడుల కాగితం విసుగని మధ్యలో మానేసినవాళ్లున్నారా? ఇద్దరి దగ్గరికీ ఒకేసారి వెళ్తే గందరగోళమవుతుందా?