హోయా పూయాలంటే వేళ్లు కుండీలో ఇరుక్కోవాల్సిందేనా?

పాలతీగ:
చిన్న కుండీలో వేళ్లు బిగుసుకుంటేనే హోయా అనే పూలతీగ పూస్తుందని అందరూ అనేస్తున్నారు. నన్నడిగితే పూత తెప్పించేవి వెలుతురు, తీగ వయసు. హోయాల్లో కార్నోసా రకాన్నే తీసుకోండి. చీకటి మూలలో పెడితే ఎంత ఇరుకు కుండీ అయినా ఆకులతోనే సరిపెడుతుంది. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగలనిచ్చి చూడండి.

మట్టివేళ్లు:
వెలుతురు సంగతి సరే, ఇరుకు కుండీని అంత తేలిగ్గా తీసిపారేయకండి. జిల్లేడు కుటుంబమే అయినా హోయాల్లో చాలావరకు చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగేవి. వాటి వేళ్లకు గాలాడాలి. నాలుగంగుళాల కుండీలోంచి తీసి ఎనిమిదంగుళాల దాంట్లో పెడితే, వేళ్లు చేరని కుండీ మిశ్రమమంతా రోజుల తరబడి తడిగానే ఉంటుంది. వేరుకుళ్లు అక్కడే మొదలు.

పాలతీగ:
చూశారా, మీరు చెప్పిందీ తడి గురించే, పూత గురించి కాదు! బెరడు ముక్కలు రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) ఒకటి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒకటి కలిపితే ఒకటి రెండు అంగుళాలు పెద్ద కుండీలోనూ తడి త్వరగానే ఆరుతుంది. పైగా మరీ బిగిసిన వేళ్ల ముద్దలోకి నీళ్లు దిగవు, అంచుల వెంట జారిపోతాయి. మొగ్గల మీదున్నప్పుడు అలా ఎండిందా, గుత్తికి గుత్తి పసుపెక్కి రాలుతుంది.

కణుపుకొమ్మ:
కుండీ గొడవలో పడి ఇద్దరూ కత్తెరను మరిచారండీ. పూలు రాలాక మిగిలే పొట్టి కాడను చాలామంది ఎండుపుల్ల అనుకుని తుంచేస్తారు. చాలా రకాలు మళ్లీ ఆ కాడ కొనకే పూస్తాయి, దాన్ని కోస్తే కొత్త కాడ వచ్చేదాకా ఆగాల్సిందే. ఆకుల్లేకుండా సాగే పొడవాటి తీగనూ కోయొద్దు, ఆకులు తర్వాత వస్తాయి.

నీళ్లకు ముందు ముదురాకును మెల్లగా వంచండి. బిర్రుగా ఉంటే ఆగండి, మెత్తగా వంగితే పోయండి. మిశ్రమం తడిగా ఉన్నా ఆకు ముడతలు పడిందంటే మాత్రం దాహం కాదు, వేళ్లు పోయాయి. కుళ్లినవి తీసేసి, కణుపున్న తీగ ముక్కలను మళ్లీ వేరు పట్టించుకోవాలి.

మట్టివేళ్లు:
కాడ విషయంలో వాదన లేదు. పాలతీగ గారూ, మీ మిశ్రమమూ బాగుంది. కానీ రోజూ నీళ్లు పోయనిదే చేయి ఊరుకోని వాళ్లకు నేను నాలుగంగుళాల కుండీనే చెబుతా.