హైదరాబాద్ వచ్చేటప్పుడు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండ్)లో దిగాలా, ఎల్బీ నగర్‌లోనే దిగి మెట్రో ఎక్కాలా? పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చెప్పండి

సూర్యాపేట_సోమవారం:
ఉద్యోగం హైటెక్ సిటీలో, ఇల్లు సూర్యాపేటలో. సోమవారం పొద్దున బస్సులో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగుతాను. అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారి ఆఫీసుకు వెళ్తాను. ఒక్కడినే కాబట్టి ఇబ్బంది లేదు. ఈ నెల నుంచి అమ్మను పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కడం కష్టం. ఎక్కడ దిగితే ఆమెకు నడక తగ్గుతుంది? అమ్మనో నాన్ననో ఇలా తిప్పినవాళ్లు చెబితే బాగుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ పాతకాపు:
తమ్ముడూ, రెండు చోట్లా రెడ్ లైనే. మియాపూర్ వైపు బండి ఎక్కితే పంజాగుట్ట దాకా మారే పని లేదు, కాబట్టి ఆ టెన్షన్ వదిలెయ్. ఎల్బీ నగర్‌లో అయితే మెట్రో అక్కడే బయలుదేరుతుంది, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. ఎంజీబీఎస్‌కు వచ్చేసరికి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట జనం అంతా ఎక్కేసి ఉంటారు. తొమ్మిది దాటాక నిలబడే చోటు కూడా కష్టం. పెద్దవాళ్లకు లేచి సీటు ఇచ్చేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ముందు ఆ గుంపులో లోపలికి ఎక్కాలి కదా.

నల్లగొండ శారద:
నేను ఒప్పుకోను అన్నా. మా అత్తమ్మను ఏడాదిగా తీసుకెళ్తున్నాను. ఎల్బీ నగర్‌లో బస్సు రోడ్డు మీద ఆగుతుంది. వెనక బస్సులు హారన్ కొడుతుంటాయి, కండక్టర్ తొందరపెడతాడు, ఆమె రెండు మెట్లు దిగేలోపే నాకు గుండె దడ. తర్వాత సంచులు పట్టుకుని ఆ ట్రాఫిక్‌లో స్టేషన్ లిఫ్ట్ దాకా నడిపించాలి. ఎంజీబీఎస్‌లో బస్సు లోపలికి వచ్చి నిలబడుతుంది. అందరూ దిగాక నిదానంగా దించుకోవచ్చు. కాసేపు కూర్చోబెట్టి, బాత్రూంకు తీసుకెళ్లి, నీళ్లు తాగించి అప్పుడు మెట్రో వైపు నడవచ్చు. మూడు గంటలు బస్సులో కూర్చున్న మోకాళ్లు వెంటనే కదలవు. ఆ పావుగంట విశ్రాంతి చాలా ముఖ్యం.

సూర్యాపేట_సోమవారం:
అక్కా, బాత్రూం సంగతి నాకు తట్టనే లేదు. అమ్మ బస్సెక్కే ముందు నీళ్లు తాగడం మానేస్తుంది, దారిలో ఇబ్బంది అవుతుందని.

నల్లగొండ శారద:
మా ఇంట్లోనూ అంతే. ఆడవాళ్లు చాలామంది అలాగే చేస్తారు, ఎవరికీ చెప్పరు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు అది మంచిది కాదు. దిగగానే బాత్రూం ఉందని ముందే చెప్పి తీసుకురా, అప్పుడే నీళ్లు తాగుతుంది. ఇంకో మాట. ఆమె ఆధార్ కార్డు బ్యాగు పైఅరలో పెట్టు. ఎక్స్‌ప్రెస్‌లో మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణ పథకం) కింద జీరో టికెట్ ఇస్తారు, సూపర్ లగ్జరీలో ఇవ్వరు. నేను మాత్రం రానుపోను సూపర్ లగ్జరీలో ముందు సీటు రిజర్వ్ చేస్తాను. డబ్బులు పోయినా కాళ్లు చాపుకోవడానికి వీలుంటుంది.

రిటైర్డ్ కండక్టర్:
అమ్మాయి చెప్పింది సరైన మాట. నా అనుభవం కొంచెం చెబుతాను. ఎంజీబీఎస్ 1994లో మొదలైంది. అంతకుముందు గౌలిగూడ హ్యాంగర్ కింద నుంచి బస్సులు తిప్పాం. ఆ హ్యాంగర్ 2018లో కూలిపోయిందని విన్నరోజు నాకు అన్నం సహించలేదు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన సంస్థ మాది. ఇప్పుడు అదే బస్టాండ్ పక్కన రెండు మెట్రో లైన్లు కలుస్తున్నాయంటే ఆనందంగా ఉంటుంది.

అసలు విషయానికి వస్తాను. ప్లాట్‌ఫాంలను రూట్ల వారీగా కేటాయిస్తారు. విజయవాడ వైపు ఒకచోట, కర్నూలు వైపు ఇంకోచోట. కొత్తవాళ్లు జనం ఎక్కువున్న చోటికి పరుగెత్తుతారు. అలా చేయకండి. ఎంక్వైరీలో ఊరి పేరు చెప్పి ప్లాట్‌ఫాం నంబర్ అడగండి, మైకులో చెప్పేది వినండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి బస్సుల మధ్యలోంచి అడ్డంగా పోకండి. బస్సు రివర్స్ వచ్చేటప్పుడు వెనక నిలబడ్డ మనిషి డ్రైవర్‌కు కనపడడు. కాళ్లు నొప్పులున్నవాళ్లు తప్పుకోలేరు. నాలుగు అడుగులు ఎక్కువైనా చుట్టూ తిరిగి పోండి. చేతులు జోడించి చెబుతున్నాను.

కర్నూలు_రోడ్డు:
మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి వచ్చే మాకు ఆరాంఘర్ దగ్గర మెట్రో లేదు. అందుకే నేరుగా ఎంజీబీఎస్. సికింద్రాబాద్ వెళ్లాల్సినవాళ్లు గ్రీన్ లైన్ ఎక్కండి. 2020 ఫిబ్రవరిలో అది మొదలయ్యాక సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్ దాకా 11 కిలోమీటర్లు పావుగంటలో అయిపోతోంది. మా చెల్లి కరీంనగర్‌లో ఉంటుంది, అక్కడికి జేబీఎస్‌లో బస్సెక్కుతాం. ఒకప్పుడు సంచులతో సిటీ బస్సెక్కి కోఠి మీదుగా వెళ్లాలంటే గంట. ఇప్పుడు ఒక బస్టాండ్‌లో దిగి ఇంకో బస్టాండ్‌కు ఎండ తగలకుండా పోతున్నాం. రెండు లైన్ల ప్లాట్‌ఫాంలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, బోర్డు చూసి లిఫ్ట్ ఎక్కండి.

ఖమ్మం బిడ్డ:
రాత్రి పూట వచ్చేవాళ్ల కోసం: పదకొండు దాటితే మెట్రో ఉండదు, మళ్లీ పొద్దున ఆరుకే. తెల్లవారుజామున నాలుగింటికి దిగిన రోజు ఒక యాప్‌లో ఆటో బుక్ చేస్తే డ్రైవర్లు వరసగా క్యాన్సిల్ చేశారు. నాన్నతో రెండు గంటలు బస్టాండ్ లోపలే కూర్చుని మొదటి మెట్రో ఎక్కాను. లైట్లు, మనుషులు, టీ కొట్టు ఉన్నాయి కాబట్టి భయం అనిపించలేదు. అదే రోడ్డు మీద దిగి ఉంటే ఆ రెండు గంటలు ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టేదాన్ని?

మూసీ ఒడ్డు:
వానాకాలం సంగతి కూడా రాయండి ఎవరైనా అని చూస్తున్నాను, నేనే రాస్తాను. బస్టాండ్ మూసీలోనే ఉంది, పక్కన కాదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తాక నీళ్లు లోపలికి వచ్చాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు. దసరాకు ఊళ్లకు పోయే సమయం అది. మర్నాడు విజయవాడ, నల్లగొండ బస్సులను ఎల్బీ నగర్ నుంచి, కర్నూలు వైపు బస్సులను ఆరాంఘర్ నుంచి, వరంగల్ బస్సులను ఉప్పల్ నుంచి, కరీంనగర్ బస్సులను జేబీఎస్ నుంచి నడిపారు. 1908లో మూసీ పొంగింది కూడా సెప్టెంబర్ చివర్లోనే. ఆ వరద తర్వాతే ఈ జంట జలాశయాలు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. కాబట్టి ఆ నెలలో పెద్ద వాన పడి గేట్లు ఎత్తారన్న వార్త వస్తే పెద్దవాళ్లతో బయలుదేరకండి. చెకప్ రెండు రోజులు వాయిదా వేసుకోండి.

సూర్యాపేట_సోమవారం:
అందరికీ కృతజ్ఞతలు. పొద్దున ఏడున్నరకల్లా ఎంజీబీఎస్‌లో దిగేలా బస్సు చూస్తాను. కాసేపు కూర్చున్నా, తొమ్మిది రద్దీకి ముందే మెట్రో ఎక్కొచ్చు. తిరుగు ప్రయాణానికి మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వెళ్లి బస్సెక్కితే టైం కలిసొస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్ పాతకాపు:
పొద్దున శారదమ్మ మాటే విను తమ్ముడూ, అంత తొందరగా వస్తే మెట్రోలో గుంపు ఉండదు. సాయంత్రం ఎల్బీ నగర్ వద్దు. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడికి వచ్చేసరికే నిండిపోతాయి, శుక్రవారం అయితే ఫుట్‌బోర్డు దాకా జనం. ఎంజీబీఎస్‌లో బస్సు ఖాళీగా ప్లాట్‌ఫాం మీదకు వస్తుంది, అమ్మను కూర్చోబెట్టి నువ్వు నిలబడ్డా పర్వాలేదు. రిజర్వేషన్ చేసుకుంటే బోర్డింగ్ పాయింట్ ఎంజీబీఎస్ అనే పెట్టు. బస్సు ఎక్కడుందో గమ్యం యాప్‌లో చూసుకుంటూ ఉండు. ఆసుపత్రిలో ఆలస్యమైతే తర్వాతి బస్సుకు రండి, ఆమెను పరుగు పెట్టించకు.