కదిపితే చాలు తెల్లగా లేస్తున్నాయి, రసాయన మందు లేకుండా తెల్లదోమ తగ్గేదెలా?

ప్రశ్న: పెరటి మొక్క
టమాటా, వంగ, బెండ పక్కపక్కనే వేశాను. మొక్కను కాస్త కదిపితే పిండి చల్లినట్టు తెల్లగా లేచి, మళ్ళీ అక్కడే వాలిపోతున్నాయి. కింది ఆకులన్నీ జిగట, ఆ జిగట మీద మసి పట్టినట్టు నలుపు. వేపనూనె కొడితే మర్నాడు తగ్గినట్టే ఉంది గానీ వారం తిరక్కముందే మళ్ళీ మామూలే. ఇంట్లో తినేవి కాబట్టి రసాయన మందుల జోలికి వెళ్ళాలని లేదు. పసుపు జిగురు అట్టలు కడితే సరిపోతుందంటున్నారు, నిజమేనా అండీ? ఇంకొకటి, ఒక బెండ మొక్కకి ఆకుల ఈనెలు పసుపుగా మారి వలలా కనిపిస్తున్నాయి. పోషకాల లోపమా? ఏమైనా వేయాలా?

జవాబు: మట్టిచేతులు
ముందు ఆ బెండ సంగతి చూడండి, మిగతావి తర్వాత. మధ్యలో ఆకుపచ్చగా ఉండి ఈనెలు మాత్రం పసుపెక్కితే అది లోపం కాదండీ, పల్లాకు తెగులు. వైరస్. తెల్లదోమే మోసుకొస్తుంది. పట్టిన మొక్కకి ఏం కొట్టినా, ఏం వేసినా నయం కాదు, పైగా దాని రసం తాగిన దోమ పక్క మొక్కకి అంటిస్తుంది. పీకేయండి. పీకేటప్పుడు విదిలిస్తే దోమలన్నీ లేచి పక్క బెండ మీదే వాలతాయి కాబట్టి, పొద్దున్నే చల్లగా ఉండి అవి మందకొడిగా ఉన్నప్పుడు మొక్క మీద ఒక కవర్ తొడిగి అలాగే లాగేయండి. టమాటాలో కూడా చిగుళ్ళు గిడసబారి ఆకులు పైకి ముడుచుకుంటున్నాయేమో గమనించండి, ఆకుముడత వైరస్‌నీ అంటించేది ఇదే.

జవాబు: ఆకు వెనుక
మీ వేపనూనె పనిచేయకపోవడం కాదు, అది ఎవరి మీద పడిందన్నదే అసలు ప్రశ్న. మీరు చూస్తున్న తెల్లటి రెక్కల పురుగులు ఈ కుటుంబంలో పెద్దలు మాత్రమే. ఒక ఆకు తిప్పి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. గుడ్లు, వాటి పక్కనే చదునుగా పొలుసుల్లాంటి పిల్ల పురుగులు ఆకుకి అతుక్కుని ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో కాస్త పాకుతాయి, ఒకచోట కుదురుకున్నాక రెక్కలొచ్చేదాకా అక్కడే కూర్చుని రసం పీలుస్తాయి. పై నుంచి కొట్టిన మందు వీటిని తాకనే తాకదు. తాకినా గుడ్లు మిగిలిపోతాయి. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు 3 వారాలు, అందుకే ఒక్కసారి కొట్టి ఊరుకుంటే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. 5-6 రోజులకోసారి, కనీసం మూడు నాలుగు సార్లు వరసగా కొట్టాలి.

లీటరు నీటికి వేపనూనె 5 మి.లీ. నూనె నేరుగా నీళ్ళలో కలవదు, పైన తేలిపోతుంది, కాబట్టి ముందు కొంచెం లిక్విడ్ సోప్‌తో బాగా గిలక్కొట్టి, అది తెల్లగా అయ్యాక నీళ్ళు పోయండి. సోప్ ఎక్కువైతే ఆకులు మాడతాయి, అందుకని ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి మర్నాడు చూసుకుని మిగతా తోటకి వెళ్ళండి. నాజిల్ కింది నుంచి పైకి పెట్టి, ఆకు అడుగు తడిసి కారేలా, సాయంత్రం ఎండ తగ్గాకే కొట్టాలి. ముదిరిన కింది ఆకుల్లో పిల్ల పురుగులు కిక్కిరిసి ఉంటే వాటిని తుంచి మూట కట్టి పారేయడం ఏ స్ప్రే కన్నా మేలు. ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టినా పెద్దవి చెదిరి జిగట కడుగుకుపోతుంది.

అన్నట్టు, నత్రజని ఎక్కువిచ్చి మొక్కని నవనవలాడేలా పెంచారంటే తెల్లదోమకి పండగే. కొన్నాళ్ళు ఆపండి.

జవాబు: చీమలదండు
అట్టల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. వాటికి అంటుకునేది పెద్ద పురుగులే, ఆకుకి అతుక్కున్న పిల్లలు అంటుకోవు కదా. ఉధృతి పెరుగుతోందా తగ్గుతోందా తెలుసుకోవడానికి బాగా పనికొస్తాయి, చిగుళ్ళ ఎత్తులో కట్టి మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతూ ఉండాలి. తోరణాల్లా తోటంతా కట్టకండి, మనకి మేలు చేసే చిన్న చిన్న కందిరీగలు కూడా వాటికే అంటుకుని చస్తాయి. మొక్కల మీద చీమలు తిరుగుతున్నాయా? జిగట కోసం వచ్చే చీమలు అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. వాటి దారి తెంపితే సగం పని స్నేహపురుగులే చూసుకుంటాయి.

పెరటి మొక్క
బెండ పీకేశానండీ, కవర్ తొడిగే. ఆకులు తిప్పి చూస్తే మీరు చెప్పినట్టే పొలుసులు, లెక్కపెట్టలేనన్ని. కానీ వంగ ఆకుల మీద కొన్ని నల్లగా ఉన్నాయి, కొన్నింటికి సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంది. ఇదేమైనా కొత్త పురుగా? ఈ ఆకులు కూడా తుంచేయనా?

ఆకు వెనుక
వద్దు వద్దు, ఆ ఆకుల్ని ముట్టుకోకండి! పొలుసు నల్లబడిందంటే చాలావరకు లోపల కందిరీగ పిల్ల పెరుగుతున్నట్టే. తెల్లదోమ తనంతట తాను బయటికి వస్తే పొలుసు మీద 'టి' ఆకారంలో చీలిక ఉంటుంది, గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ తొలుచుకుని బయటికొచ్చిందన్నమాట. వంగకి ఈసారి స్ప్రే ఆపి, ఒక్క టమాటాకే కొట్టండి. వారం పోయాక మళ్ళీ ఆకు తిప్పి చూసి, నల్లవి పెరిగాయో తెల్లవి పెరిగాయో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి చూద్దాం.