మొదటి సోలోకే సెస్నా 182 ఇవ్వొచ్చా?

రాజాం_నాన్న: మా గుంటడు అమెరికాలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఇన్నాళ్లూ సెస్నా 172లో మాస్టారి పక్కన కూర్చుని ఎగిరాడు. ఇప్పుడవి ఖాళీ లేవట, మొదటి సోలో 182లో చేసెయ్యమంటున్నారు. లైసెన్సు రాని పిల్లాడికి అంత పవరున్న విమానం ఒంటరిగా ఇవ్వొచ్చా?

పొందూరు_పైలట్: ఇవ్వొచ్చు. అక్కడి రూల్ ప్రకారం ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటితే హై పెర్ఫార్మెన్స్. 182ది 230. ఆ విమానంలో నేర్పించి, ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో సోలోకి ఒకటి, హై పెర్ఫార్మెన్స్‌కి ఒకటి సంతకం పెట్టాలి. స్టూడెంట్ కదా అని రెండోది మాఫీ కాదు.

సాలూరు_చిన్నోడు: 200 ఉన్నా హై పెర్ఫార్మెన్సే కదా?

పొందూరు_పైలట్: కాదు తమ్ముడూ. దాటాలి.

సాలూరు_చిన్నోడు: 200కి వద్దు, 201కి కావాలి. ఇదేం రూలండీ?

పాలకొండ_అమ్మాయి: నేను నేర్చుకున్న చోట నలుగురు ఇన్‌స్ట్రక్టర్లు మారారు. ప్రతి ఒక్కరూ మళ్లీ మొదటి నుంచి చూస్తామన్నవాళ్లే. సోలో అయ్యేసరికి అప్పు తెచ్చిన డబ్బు సగం కరిగిపోయింది. 182 ఇస్తామంటే ఎక్కమనండి బాబాయ్.

పొందూరు_పైలట్: అసలు కష్టం గో అరౌండ్‌లో. దిగడం కుదరక మళ్లీ పైకి లేవడానికి ఫుల్ పవర్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది, విమానం ఎడమకి లాగుతుంది. దిగడానికి పెట్టిన ట్రిమ్ (చేతికి బరువు తగ్గించే సర్దుబాటు) అలాగే ఉంటుంది కాబట్టి చేత్తో గట్టిగా ముందుకి తొయ్యాలి, కుడికాలితో రడ్డర్ తొక్కాలి. పక్క సీటు ఖాళీ అయితే ఇంకా జోరుగా లేస్తుంది. ముక్కు వదిలేస్తే స్టాల్, అంటే రెక్కలు మోయలేక విమానం పడిపోతుంది. అంత కిందన కోలుకునే ఎత్తుండదు. 172లోనూ ఇదే, 182లో బలం ఎక్కువ. చెయ్యి అలవాటైతే భయం లేదు.

రాజాం_నాన్న: భయం లేదని మీరు సులువుగా అంటారు. ఎకరం అమ్మి పంపింది నేను.

పొందూరు_పైలట్: ఎకరం అమ్మారని కుర్రాణ్ణి నేల మీద కూర్చోబెడతారా? భోగాపురం ఎయిర్‌పోర్టని ఇంత సంబరపడుతున్నాం, మన పిల్లలు టికెట్ కొనుక్కుని ఎక్కడానికేనా?

రాజాం_నాన్న: ఎగరొద్దని ఎప్పుడన్నానండీ! 182లో వాడు ఎగిరింది రెండు గంటలే. శనివారమే సోలో అట. ఆ సంతకం వాడి చెయ్యి చూసి పెడుతున్నారా, 172 ఖాళీ లేదని పెడుతున్నారా? నా బాధ అదీ.

పాలకొండ_అమ్మాయి: రెండు గంటలేనా? అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పొందూరు_పైలట్: గంటలు కాదండీ ముఖ్యం. గో అరౌండ్‌లు ఎన్ని చేశాడో అడగండి.

సాలూరు_చిన్నోడు: ఆ 200 లెక్క మాత్రం నాకింకా నచ్చలేదు.

రాజాం_నాన్న: ఇప్పుడే ఫోన్ చేశాను. రెండు చేశాడట. రెండుసార్లూ రడ్డర్ మాస్టారే తొక్కారట. శనివారం ఎక్కొద్దని చెప్పాను.