చీకటి గదిలో గోడ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది కదా, దాన్ని ఫొటో తీయడం ఎలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మొన్న నెట్‌లో ఒక ఫొటో చూశాను. మామూలు హోటల్ గదే, కానీ గోడ నిండా న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ తలకిందులుగా పరుచుకుని ఉంది. కింద చాలామంది ఎడిటింగ్ అని కొట్టిపారేశారు. నాకు మాత్రం అలా అనిపించలేదు, ఎందుకంటే చిన్నప్పుడు రాజమండ్రిలో మా అమ్మమ్మ వాళ్ల పెంకుటింట్లో వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట తలుపులన్నీ వేసేసి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు, అప్పుడు వీధి తలుపులో మేకు ఊడిపోయిన కన్నంలోంచి వెలుగొచ్చి లోపలి గోడ మీద వీధంతా కనిపించేది, రంగులతో సహా. ఎదురింటి వాళ్లు ఆరేసిన చీర గాలికి ఊగితే గోడ మీదా ఊగేది. రిక్షా అటు నుంచి వస్తుంటే బొమ్మలో ఇటు నుంచి వచ్చేది. అమ్మమ్మకి చెబితే "ఎండలో తిరిగొచ్చావు, కళ్లు మూసుకుని పడుకోవే" అనేది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మా ఫ్లాట్‌లో ఆ బొమ్మ మళ్లీ తెప్పించి ఫొటో తీసుకోవాలని ఉంది. ఎవరైనా చేశారా?

చెట్టుకింద క్లాసు:
మీరు చూసింది అక్షరాలా నిజమండీ. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది, అంతే. కొబ్బరిచెట్టు తల నుంచి బయల్దేరిన కిరణం చిన్న కన్నంలో దూరి గోడ కింది భాగానికి చేరుతుంది, మొదలు నుంచి వచ్చింది పైకి పోతుంది. కుడి ఎడమలూ అలాగే తారుమారవుతాయి, మీ రిక్షా అందుకే అలా కనిపించింది. 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్ శాస్త్రవేత్త దీని గురించి వివరంగా రాశాడు. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దీనికి కెమెరా అబ్‌స్క్యూరా అని పేరు పెట్టాడు, లాటిన్‌లో చీకటి గది అని అర్థం. అంటే మనం జేబులో పెట్టుకు తిరిగే కెమెరా పేరుకి అసలు అర్థం గదే!

హంపి వెళ్లినవాళ్లు విరూపాక్ష ఆలయంలో చూసే ఉంటారు, తూర్పు గోపురం నీడ గుడి లోపల గోడ మీద తలకిందులుగా పడుతుంది. అదీ ఇదే. 2019 డిసెంబరు 26న పొద్దున సూర్యగ్రహణం రోజు మా స్కూల్లో పిల్లల్ని వేపచెట్టు కిందికి తీసుకెళ్లి నేల చూడమన్నాను. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంక ఆకారంలో ఉంది, వందల నెలవంకలు. ఆకుల మధ్య ప్రతి సందూ ఒక కన్నమే కదా. ఆ రోజు పిల్లలు అరిచిన అరుపులు ఇప్పటికీ గుర్తున్నాయి.

మేడమీద గది:
ఆ టైమ్స్ స్క్వేర్ ఫొటో అబెలార్డో మొరెల్ 1997లో తీసింది. క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఫొటోగ్రాఫర్. 1991లో తన ఇంట్లో హాల్‌తోనే మొదలుపెట్టాడు. కిటికీలన్నీ నల్ల ప్లాస్టిక్‌తో మూసేసి చిన్న కన్నం పెట్టి, గది లోపల పెద్ద ఫిల్మ్ కెమెరా నిలబెట్టి గంటల తరబడి, ఐదు నుంచి పది గంటల దాకా ఎక్స్‌పోజర్ ఇచ్చేవాడు, అంటే అంతసేపూ ఫిల్మ్ మీద వెలుగు పడనిచ్చేవాడు. అంతసేపట్లో కదిలేవేవీ ఫిల్మ్ మీద నిలవవు, నిలబడి ఉన్నవే మిగులుతాయి. 1838లో ఫొటోగ్రఫీ తొలినాళ్లలో ఫ్రాన్స్‌కి చెందిన డాగెర్ తీసిన పారిస్ వీధి ఫొటోలో కూడా అదే జరిగింది, రద్దీ వీధి ఖాళీగా కనిపిస్తుంది, బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు.

ఇక మీ ఫ్లాట్ సంగతి. నేను హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు గదిలో చేశాను. కిటికీకి నల్ల చార్టులు రెండు పొరలు అంటించండి, తలుపు కింద సందులో దుప్పటి కుక్కండి, ఏసీ, ఛార్జర్ లైట్ల మీద కూడా టేప్ వేయండి. చీకటి సరిగ్గా లేకపోతే ఏమీ కనిపించదు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మధ్యలో 5 మిల్లీమీటర్ల కన్నం. కిటికీ తూర్పు వైపైతే సాయంత్రం చేయండి, అప్పుడు ఎండ ఎదురిళ్ల గోడల మీద నేరుగా పడుతుంది. పడమరైతే పొద్దున. పది నిమిషాలు చీకట్లో ఊరికే కూర్చుంటే కళ్లు అలవాటు పడి బొమ్మ మెల్లగా తేలుతుంది. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉండేలా పెడితే చాలు.

చెట్టుకింద క్లాసు:
మొదటిసారి చేసేవాళ్లకి 5 చాలదండీ, బొమ్మ మరీ మసకగా ఉండి నిరాశపడతారు. 10 నుంచి 12 దాకా పెట్టుకోండి, పదును తగ్గుతుంది కానీ వెలుగు బాగా వస్తుంది. రెండూ కావాలంటే కళ్లజోళ్ల షాపులో ప్లస్ 0.5 పవర్ అద్దం అడిగి కన్నానికి అతికించండి, రెండు మీటర్ల దూరంలో దూరపు దృశ్యం స్పష్టంగా పడుతుంది. అక్కడ గోడ లేకపోతే తెల్ల దుప్పటి వేలాడదీయండి.

డబ్బాకెమెరా:
ఓపిక ఉన్నవాళ్లకి ఇంకోటి చెబుతాను. కూల్‌డ్రింక్ డబ్బా లోపల బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపర్ పెట్టి, సూదితో మిల్లీమీటరులో మూడో వంతు కన్నం చేసి, నెలల తరబడి బయట కట్టి ఉంచితే సూర్యుడు రోజూ నడిచిన దారి గీతలుగా పడుతుంది. సోలార్‌గ్రఫీ అంటారు. ఇంగ్లండ్‌లో రెజీనా వాల్కెన్‌బర్గ్ 2012లో హార్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ అబ్జర్వేటరీలో టెలిస్కోప్‌కి ఒక డబ్బా కట్టి మరిచిపోయింది, 2020లో దొరికింది. ఎనిమిదేళ్లలో 2,953 గీతలు. ఆ ఫొటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఇంగ్లండ్ వాళ్లు చెప్పినట్టు డబ్బాని దక్షిణం వైపు పెడితే మనకి పని చేయదు. అక్కడ జూన్‌లో కూడా మధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 62 డిగ్రీల ఎత్తు దాటడు, మనకి డిసెంబరులోనే 49 దాకా వస్తాడు, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాద్‌లో నడినెత్తి దాటి ఉత్తరం వైపుకి వెళ్లిపోతాడు. నా మొదటి డబ్బాలో వేసవి గీతలు అసలు పడలేదు, ఎందుకో అర్థం కావడానికి నెలలు పట్టింది. తూర్పుకి గానీ పడమరకి గానీ తిప్పండి, సూర్యోదయం రోజురోజుకీ పక్కకి జరగడం చక్కగా కనిపిస్తుంది. వానాకాలానికి ముందే దింపేయండి, తడిస్తే పేపర్ పాడవుతుంది. డెవలప్ చేయొద్దు, ఒక్కసారే స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రంగులు తిరగేయండి (ఇన్‌వర్ట్), ఎందుకంటే స్కానర్ వెలుగుకి కూడా అది నల్లబడుతుంది.

గోదారిగట్టు:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి చేశాం, 12 మిల్లీమీటర్ల కన్నంతో. మొదట ఏమీ లేదు. ఏడో నిమిషంలోనో ఎప్పుడో మా పాప "అమ్మా, ఎదురు బిల్డింగ్ ఫ్యాన్‌కి వేలాడుతోంది" అంది. సీలింగ్ మీద రోడ్డు, దాని మీద పసుపు ఆటో. ఫొటో కొంచెం కదిలింది, వచ్చే ఆదివారం ఆ ప్లస్ 0.5 అద్దంతో మళ్లీ తీసి ఇక్కడ పెడతాను. పాపని మధ్యాహ్నం పడుకోబెట్టడం మాత్రం ఇక కష్టమే, ఆ చార్టులు తీయనివ్వడం లేదు.